అర్థానికి ఒక చుక్క ఉంది: తెలుగు ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు బహిరంగ లేఖ

తెలుగు ప్రశ్నపత్రాలు కూర్చే ఉపాధ్యాయులకు, పాఠ్యపుస్తకాల సంపాదక వర్గాలకు, జవాబుపత్రాలు దిద్దే గురువులందరికీ నమస్కారం.

నేను ప్రూఫులు దిద్దుకుని బతికేవాణ్ణి. సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేసే రోజుల్లో ఈ పనిలో చేరాను, ఇప్పుడు కంప్యూటర్ తెర మీద అదే పని చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, సంస్మరణ సంచికలు, అప్పుడప్పుడు ఒక కవితా సంపుటి నా బల్ల మీదకు వస్తుంటాయి. ఈ లేఖకు కారణమైన కాగితం మాత్రం బల్ల మీదకు రాలేదు, నేరుగా ఇంటికి వచ్చింది.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. పోయిన నెలలో తెలుగు యూనిట్ పరీక్ష జవాబుపత్రం, దానితో పాటు ప్రశ్నపత్రం తెచ్చి నా ముందు పెట్టింది. ప్రశ్నపత్రంలో ఒక శీర్షిక 'కింది పదాలకు అర్ధాలు రాయండి' అని ఉంది. దాని కింద మూడో పదం 'నిశీధం'. మా అమ్మాయి రాసిన జవాబు 'అర్ధరాత్రి'. ఆ జవాబులోని ధ చుట్టూ ఎర్రసిరాతో సున్న చుట్టి, పక్కన 'థ' అని దిద్ది, అర మార్కు తీసేశారు.

"నాన్నా, ఇందులో తప్పేమిటి?" అని అడిగింది.

ఆ మూడు మాటలనూ మీరు కూడా ఒక్కసారి చూడండి. శీర్షికలో ఉండవలసింది చుక్క ఉన్న థ, అచ్చయింది చుక్క లేని ధ. 'నిశీథం'లో ఉండవలసింది థ, అక్కడా ధ అచ్చయింది. జవాబులో ఉండవలసింది ధ, మా అమ్మాయి సరిగ్గా ధ రాసింది. మూడింటిలో ఎర్రసిరా పడింది సరైన దాని మీదే. అమరకోశమనే పాత సంస్కృత నిఘంటువు కాలవర్గంలో 'అర్ధరాత్రనిశీథౌ' అని ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టాడు అమరసింహుడు. మొదటిది ధతో, రెండోది థతో. రెండింటికీ ఒకే భావం. అందరూ ఒళ్ళు వాల్చి నిద్రపోయే వేళ కాబట్టి నిశీథం, రాత్రిలో సరిగ్గా సగం గడిచే వేళ కాబట్టి అర్ధరాత్రి.

దిద్దిన ఉపాధ్యాయురాలి మీద నాకు కోపం లేదు. 'అర్థరాత్రి' అన్న మాటను ఆమె చిన్నప్పటి నుంచి వందలసార్లు అచ్చులో చూసి ఉంటారు. 'అర్ధం' అన్న మాటనూ అన్నిసార్లు చూసి ఉంటారు. కంటికి అలవాటైనదే సరైనదిగా తోస్తుంది. నాకూ ఈ పనిలో చేరిన మొదటి ఏడాది అలాగే తోచేది. ఒక పెద్ద కంపోజిటర్ నా తప్పు పట్టుకుని, ఆ రెండు అక్షరాలనూ నా అరచేతిలో పెట్టి చూపించేదాకా తెలియలేదు. అందుకే ఈ లేఖ ఆమె పేరిట కాదు, మీ అందరి పేరిట రాస్తున్నాను. పిల్లలు పత్రికను నమ్మకపోవచ్చు, గోడమీది రాతను నమ్మకపోవచ్చు. ప్రశ్నపత్రాన్ని మాత్రం నమ్ముతారు.

ముందు ఈ రెండు మాటలూ ఎక్కడివో చెప్పనివ్వండి. నాకు చాలా ఇష్టమైన విషయం ఇది, కాస్త ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను.

అర్థం అన్న మాటకు మూలం 'ఋ' అనే ధాతువు, అంటే క్రియకు మూలరూపం. వెళ్ళడం, చేరడం అని దాని భావం. ఆ ధాతువుకు 'థ' ప్రత్యయం చేరితే అర్థం అయింది. గాథ, ఓష్ఠం (ష పక్కన థ ఠగా మారింది) అన్న మాటల్లో చివర ఉన్నది కూడా ఆ ప్రత్యయమేనని ఉణాది సూత్రాలనే వ్యాకరణ సూత్రాలు చెబుతాయి. మాటల పుట్టుకను వివరించే నిరుక్తంలో యాస్కుడు అర్థ శబ్దాన్ని ఈ ధాతువు నుంచే సాధించాడు. మాట ఎక్కడికి వెళ్ళి చేరుతుందో అదే దాని అర్థం. మనిషి దేనికోసం నడుస్తాడో అదీ అర్థమే. ఈ సంగతి తెలిశాక, ఒకే మాటకు భావమనీ, డబ్బనీ, ప్రయోజనమనీ ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయన్న సందేహం నాకు తీరిపోయింది.

అమరసింహుడు ఆ అర్థాలను ఒక్క పంక్తిలో ఇమిడ్చాడు: 'అర్థోఽభిధేయరైవస్తుప్రయోజననివృత్తిషు'. మాట చెప్పే భావం, ధనం, వస్తువు, ప్రయోజనం, నివృత్తి. మొదటిది మనం ప్రతిపదార్థం అన్నప్పుడు వాడేది. రెండోది అర్థశాస్త్రంలోనూ ఆర్థిక మంత్రిలోనూ ఉంది. మూడోది పదార్థంలో ఉంది. నాలుగోది వరద బాధితుల సహాయార్థం అన్నప్పుడు, తల్లిదండ్రుల జ్ఞాపకార్థం బడికి ఒక గది కట్టించినప్పుడు వాడుతున్నాం. అయిదోదాన్ని మాత్రం చాలామంది మరిచిపోయారు. 'మశకార్థో ధూమః' అని దానికి పాత ఉదాహరణ. మశకం అంటే దోమ. దోమల కోసం పొగ అంటే దోమలను పోగొట్టడం కోసం పొగ అని. మన తెలుగులోనూ దగ్గుమందు అంటే దగ్గు తెప్పించే మందు కాదు కదా, దగ్గును ఆపే మందు. పిల్లలకు ఇలా చెబితే ఈ పంక్తి ఒక్కసారికే గుర్తుండిపోతుంది.

ఇదే మాట క్రియగా మారితే కోరడం, వేడుకోవడం. ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠంలో 'అర్థ ఉపయాచ్ఞాయామ్' అని ఉంది, ఉపయాచ్ఞ అంటే వేడుకోలు. ప్రార్థన, అభ్యర్థన అక్కడి నుంచి వచ్చాయి. అర్థి అంటే కోరేవాడు. శరణు కోరేవాడు శరణార్థి. పదవిని కోరి నిలబడేవాడు అభ్యర్థి. విద్యను కోరి వచ్చినవాడు విద్యార్థి. ఇంత మంచి మాటను మీ ప్రశ్నపత్రాల మొదటి వరుసలోనే, 'విద్యార్ధులకు సూచనలు' అని, విద్యకు సగం అంటగట్టి అచ్చు వేస్తున్నారు. అది చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. కోరిక ఉన్న పిల్లవాణ్ణి సగం పిల్లవాణ్ణి చేసినట్టు ఉంటుంది.

ఇక అర్ధం. దీని ధాతువు వేరు. 'ఋధ్' అంటే వృద్ధి చెందడం. ఋద్ధి, సమృద్ధి ఆ ధాతువు బిడ్డలే. యాస్కుడు అర్ధ శబ్దానికి ఒకటికి మించి వ్యుత్పత్తులు చూపించాడు, వాటిలో ఋధ్ ఒకటి. బాగా వృద్ధి పొందిన భాగం కాబట్టి అర్ధం అని ఆయన వివరణ. ధాతువులోనే ధ ఉంది. అంటే ఈ రెండు మాటల్లోనూ ముందున్న 'అర్' మాత్రమే చూపుకు ఒకటి. ఒకదానిలో థ ప్రత్యయంగా వచ్చి చేరింది, ఇంకొకదానిలో ధ పుట్టుకతోనే ఉంది.

పాత వ్యాకర్తలు సగం విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నారో చూడండి. సంస్కృతంలో పుంలింగంలో 'అర్ధః' అంటే ఏదో ఒక భాగం. నపుంసక లింగంలో 'అర్ధం' అంటే ఖచ్చితంగా సమానమైన సగం. 'పుంస్యర్ధోఽర్ధం సమేంఽశకే' అని అమరం. సమానమైన సగాన్ని చెప్పే ఆ నపుంసక శబ్దానికి సమాసం ఎలా కుదరాలో చెప్పడానికి పాణిని 'అర్ధం నపుంసకమ్' అని ప్రత్యేకంగా ఒక సూత్రమే చేశాడు. లింగం మారితే సగానికీ ముక్కకూ తేడా వస్తుందని పట్టించుకున్న సంప్రదాయం మనకు ఇచ్చిన మాటలివి. మనం సగానికీ భావానికీ మధ్య ఉన్న తేడాను కూడా చూడకుండా వదిలేస్తున్నాం.

మన 'అర' సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అరగంట, అరచెక్క, అరకొర అన్నప్పటి అర అచ్చంగా మనది. తమిళంలో అరై, కన్నడంలో అరె దాని తోబుట్టువులు. అర్ధ నుంచి పుట్టింది కాదు, చెవికి దగ్గరగా ఉంటుందంతే. ఈ రెండూ తెలుగులో ఎంత చక్కగా కలిసిపోయాయంటే, అక్షరమాలలోని అరసున్నకు ఇంకో పేరు అర్ధానుస్వారం. మా తాతగారి కాలంలో అణా సగం నాణేన్ని అర్ధణా అనేవారు. 1957లో నయాపైసలు వచ్చాక నాణెం పోయింది గానీ మాట ఇంకా పెద్దవాళ్ళ నోట వినిపిస్తుంది. 'అర' గుర్తున్న పిల్లవాడికి సగం అన్నప్పుడు ధ రాయాలని చెప్పడం తేలిక. అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధశతకం, ఉత్తరార్ధగోళం, అర్ధనారీశ్వరుడు: మాట ముందున్నా చివర ఉన్నా 'సగం' పెట్టి చూస్తే చాలు, అతికితే ధ.

ఈ రెండు మాటలూ ఒకే కాగితం మీద కలిసే చోటు ఒకటి ఉంది. అది శుభలేఖ. మాఘమాసం వస్తే నా బల్ల మీద అవే ఉంటాయి. ఒకసారి ఒక పెళ్ళికూతురి తండ్రి ప్రూఫు చూసుకోవడానికి స్వయంగా వచ్చారు. పైన 'ధర్మేచ అర్ధేచ కామేచ నాతిచరామి' అని ఉంది, కింద రాయించుకున్న కవితలో 'అర్థాంగి' అని ఉంది. రెండు చోట్లా అక్షరాలు తారుమారయ్యాయి. నేను రెండూ దిద్దుతుంటే ఆయన, "ఆ చుక్కలో ఏముందండీ?" అని అడిగారు. పెళ్ళిలో ఆ మాట మొదట పలికేది మీరేనండీ అని చెప్పాను. ధర్మంలోనూ, అర్థంలోనూ, కామంలోనూ ఈ పిల్లను అతిక్రమించి నడవకూడదు అని కన్యాదాత అడుగుతాడు. 'నాతిచరామి', అతిక్రమించను అని వరుడు మాట ఇస్తాడు. అక్కడ అర్థం అంటే ధనం. ఆయన ఒక్క క్షణం ఆగి, "అంటే డబ్బు విషయంలో మా అమ్మాయిని కాదని ఏమీ చేయనని మాట ఇస్తున్నాడన్నమాట. అయితే ఆ చుక్క తప్పకుండా పెట్టించండి" అన్నారు. అర్ధాంగికి చుక్క తీసేయడానికీ ఒప్పుకున్నారు. భార్య అంటే తనలో సగం, 'అర్ధో వా ఏష ఆత్మనో యత్పత్నీ' అని వేదంలోని తైత్తిరీయ శాఖలో ఉన్న మాటే దానికి ఆధారం.

కాళిదాసు రఘువంశం మొదటి శ్లోకంలో మాటనూ దాని అర్థాన్నీ పార్వతీపరమేశ్వరులతో పోల్చాడు. 'వాగర్థావివ సంపృక్తౌ'. విడదీయరాని జంటకు పోలిక కావలసి వచ్చి, ఒకే దేహంలో చెరి సగమైన దంపతులను తెచ్చాడు. ఆ శ్లోకంలో అర్థం మాటగా ఉంది, అర్ధం భావంగా ఉంది. దాన్ని కూడా 'వాగర్ధావివ' అని అచ్చు వేసిన ఆహ్వానపత్రికలు నేను దిద్దాను.

ఇప్పుడు అక్షరం దగ్గరకు వస్తాను, ఎందుకంటే తప్పు పుట్టే చోటు అదే. ద, ధ, థ మూడింటినీ పక్కపక్కన రాసి చూడండి. ద ఉత్త అక్షరం. దాని కింద చిన్న గీత పెడితే ధ. గీతతో పాటు పొట్టలో చుక్క పెడితే థ. పూర్తి సైజులో ఈ తేడా తెలుస్తుంది. కానీ 'అర్థం'లో థ పూర్తి అక్షరం కాదు, ర కింద ఒత్తు. సైజు తగ్గిపోతుంది, పొట్ట ఇరుకవుతుంది, చుక్క దాదాపు కనిపించదు. సీసపు అచ్చులో సిరా కాస్త ఎక్కువ పట్టిందంటే ఆ పొట్ట పూడిపోయి రెండు ఒత్తులూ ఒకే నల్లటి ముద్దగా పడేవి. ఈ రోజు జిరాక్సు మీద జిరాక్సు తీసిన ప్రశ్నపత్రాల్లోనూ అదే జరుగుతోంది.

పాత పుస్తకాల్లో ఈ ఇబ్బంది లేదు. అప్పుడు వలపలగిలక ఉండేది. ర్ అనే శబ్దాన్ని అక్షరానికి కుడివైపున, మన తొమ్మిది అంకెలాంటి గుర్తుతో చూపేవారు. అర్థము అన్న మాటను 'అథ౯ము' అని అచ్చు వేసేవారు. థ వరుస మీద నిటారుగా, నిండు సైజులో, చుక్కతో సహా నిలబడేది. చదివేవాడి కన్ను తప్పిపోయే వీలు లేదు. కన్నడంలో ఆ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. మనం వలపలగిలకను వదిలేసి, చుక్క బరువంతా ఒక చిన్న ఒత్తు మీద పెట్టాం.

కీబోర్డు మీద నెపం వేయడానికి మాత్రం లేదు. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో త, థ ఒక మీట మీద ఉంటాయి, ద, ధ ఇంకో మీట మీద. వేలు జారి థ బదులు ధ పడదు. ఆ తప్పు వేలిది కాదు, చెవిది.

ఆ చెవి సంగతి బడిలోనే చూడాలి. మనం ఒకటో తరగతిలో 'థ' అని పలికించేటప్పుడు చాలాచోట్ల ధ లాగానే పలికిస్తున్నాం. కథను కధ అంటాం, రథాన్ని రధం అంటాం, ప్రథమాన్ని ప్రధమం అంటాం. నోట ధ పలికే పిల్లవాడి చేతి నుంచి థ ఎలా వస్తుంది? మా అమ్మాయికి నేను చూపించిన చిన్న పద్ధతి చెబుతాను. గొంతు మీద రెండు వేళ్ళు ఆనించి 'త్' అనమన్నాను, వేళ్ళకు ఏమీ తగల్లేదు. 'ద్' అనమన్నాను, గొంతు అదిరింది. తరవాత నోటి ముందు అరచేయి పెట్టి 'థ్' అనమన్నాను. చేతికి గాలి తగిలింది, గొంతు మాత్రం అదరలేదు. 'ధ్' అన్నప్పుడు గాలీ తగిలింది, గొంతూ అదిరింది. థ తకు తోబుట్టువు, ధ దకు తోబుట్టువు. రెండు నిమిషాల పని ఇది, ఆ తరవాత ఆ పిల్ల మళ్ళీ నన్ను అడగలేదు.

దీనికి సాక్ష్యం మన తెలుగులోనే ఉంది. మీరు ఏటా అడిగే ప్రకృతి వికృతుల్లోనే ఉంది. చతుర్థి తెలుగు నోట చవితి అయింది, చదివి కాలేదు. కథ కత అయింది. బేరగాళ్ళ గుంపును చెప్పే సార్థం సాతు అయింది. థ ఉన్నచోట త మిగిలింది. ధ ఉన్న మాటల దారి వేరు. అర్ధం నుంచి వచ్చిన అద్దము మన కావ్యాల్లో 'అద్దమరేయి'గా ఉంది, అదే అర్ధరాత్రి. వృద్ధి వడ్డి అయింది. వర్ధకి వడ్రంగి అయ్యాడు. అన్ని మాటలూ ఇంత తిన్నగా నడవవు, రథం అరదమైంది. కానీ చదువుకోని మన పూర్వులు చవితిలో తను, అద్దమరేయిలో దను వేరు వేరుగా నిలబెట్టారు. వాళ్ళ చెవి అంత చురుకైనది. వినాయక చతుర్థిని 'చతుర్ధి' అని రాసే పిల్లవాడికి చవితిని గుర్తు చేస్తే చాలు. వ్యాకరణంలో చతుర్థీ విభక్తి, చతుర్థీ తత్పురుషం కూడా అప్పుడే సర్దుకుంటాయి.

దిద్దడం మొదలుపెట్టాక కొందరు ఇంకో వైపుకు ఒరుగుతారు. ర కింద ఏది వచ్చినా థ పెట్టేస్తారు. వర్థంతి, వర్థిల్లు, స్పర్థ, నిర్థారణ అని నా బల్ల మీదకు రోజూ వస్తుంటాయి. ఇవన్నీ ధతో రాయవలసినవి. వర్ధిల్లడంలో ఉన్నది వృధ్ ధాతువు, పెరగడం. వర్ధంతి కూడా దాని సంతతే. కన్నడంలో వర్ధంతి అంటే ఈనాటికీ పుట్టినరోజు పండుగ, ఆయువు పెరిగిన రోజు. తెలుగులో అది మరణించిన రోజును తలచుకునే మాటగా స్థిరపడింది. స్థిరపడిన అర్థాన్ని నేను కాదనను. అక్షరాన్ని మాత్రం దాని పుట్టుక నుంచి విడదీయవద్దని కోరుతున్నాను.

మీలో కొందరు అనబోయే మాట నాకు తెలుసు. జనం నోట రెండూ ఒకటైపోయాయి, ఇంకా ఈ పట్టింపు ఎందుకు అని. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. తెలుగుకు వర్ణాలు ముప్పై ఆరని బాలవ్యాకరణం చెప్పింది. ఆ ముప్పై ఆరులో థ లేదు, ధ లేదు. ఒత్తక్షరాలు సంస్కృతం మాటలతో పాటు మన ఇంటికి వచ్చినవి. మన నాలుక వాటిని మెత్తబరచడం సహజం. సంతలో మాట్లాడే మనిషి 'నాకు అర్దం కాలేదు' అంటే అందులో దిద్దవలసింది ఏమీ లేదు. ఆ మనిషికి నేను ఎప్పుడూ పాఠం చెప్పలేదు, చెప్పను.

కానీ రాత సంగతి వేరు. తమిళులు రెండింటినీ ఒకే తీరులో 'అర్త్త' అని రాస్తారు, వాళ్ళ లిపిలో ఉన్న అక్షరం అదొక్కటే. అక్కడ పిల్లవాడికి గందరగోళం లేదు, మార్కులూ పోవు. మలయాళులు రెండు అక్షరాలనూ ఉంచుకున్నారు, తడబాటుకు చోటు లేకుండా వాటి ముందు తను, దను కూడా నిలబెట్టి 'అర్త్థం', 'అర్ద్ధరాత్రి' అని రాస్తారు. మన పాత శాసనాల్లోనూ ర్ తరవాతి హల్లును ఇలా జంట చేసి చెక్కడం మామూలే. ఇద్దరూ ఒక దారి ఎంచుకుని దాని మీద నిలబడ్డారు. మనం రెండు అక్షరాలనూ ఉంచుకుని, ఒకే పుటలో పైన ఒకటి కింద ఒకటి వేసి, పిల్లల దగ్గర మాత్రం అర మార్కు కోస్తున్నాం. థను వదిలేద్దామని పండితులందరూ కలిసి తీర్మానిస్తే నా పని నాకు తేలికవుతుంది. అలా తీర్మానించనంత కాలం, కోత వేసే చోట కొలత సరిగ్గా ఉండాలి.

పైగా తెలుగు పరీక్షలో ఈ మాట తప్పించుకోలేనిది. ఒక్కసారి మీ ప్రశ్నపత్రం తిరగేయండి. అర్థాలు, నానార్థాలు, వ్యుత్పత్త్యర్థాలు, ప్రతిపదార్థం. క్రియల్లో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం. వాక్యాల్లో ప్రశ్నార్థకం, విధ్యర్థకం, నిషేధార్థకం, ప్రార్థనార్థకం, సామర్థ్యార్థకం. అలంకారాల్లో అర్థాంతరన్యాసం. ఆ ఆఖరిదాన్ని 'అర్ధాంతరన్యాసం' అని అచ్చు వేసిన గైడు ఒకటి మా అమ్మాయి సంచిలో ఉంది. అర్థాంతరం అంటే వేరొక విషయం. ఒక విశేషాన్ని చెప్పి, దాన్ని సమర్థించడానికి ఒక సామాన్య సత్యాన్ని తెచ్చి పక్కన పెట్టడం ఆ అలంకారం. అర్ధాంతరం అంటే నడిమధ్య, సినిమా అర్ధాంతరంగా ఆగిపోయింది అంటామే, అది. పేరులో అక్షరం సరిగ్గా ఉంటే లక్షణం సగం దానంతట అదే గుర్తుకు వస్తుంది. తప్పు ఉంటే పిల్లవాడు దాన్ని బట్టీ పట్టడం తప్ప దారి లేదు.

నేను అడిగేది పెద్ద పని కాదు. ప్రశ్నపత్రం రహస్యమని, బయటి ప్రూఫ్ రీడర్లకు చూపించలేరని నాకు తెలుసు. కానీ శీర్షికలు రహస్యం కావు కదా. ఏటా అవే శీర్షికలు, అవే సూచనలు. ప్రశ్నలు మారతాయి, 'కింది పదాలకు అర్థాలు రాయండి' అన్న వరుస మారదు. ఆ శీర్షికలన్నిటినీ ఒక పుటలో పెట్టి, ఒక్కసారి బాగా తెలిసినవాళ్ళ చేత దిద్దించి, ప్రశ్నపత్రం కూర్చే ప్రతి ఒక్కరికీ ఇవ్వండి. వాళ్ళు అందులో నుంచి తీసుకుని అతికిస్తే చాలు. ఒత్తులో చుక్క స్పష్టంగా కనిపించే అక్షరరూపాన్ని ఎంచుకోండి, సైజు కాస్త పెంచండి. జవాబులు దిద్దేవారికి ఇచ్చే సూచనల్లో, అనుమానం వచ్చినప్పుడు నిఘంటువు చూసిన తరవాతే ఎర్రసిరా వాడమని ఒక వాక్యం చేర్చండి. ఒకటో తరగతిలో థ నేర్పేటప్పుడు పిల్లల వేళ్ళు గొంతు మీద పెట్టించండి.

మా అమ్మాయి అర మార్కు కోసం నేను బడికి వెళ్ళలేదు. నిఘంటువులో 'నిశీథము' ఉన్న పుట తెరిచి ఆ పిల్లకు చూపించాను. తను ఆ పుటను ఫోనులో ఫొటో తీసుకుని, మరునాడు తరగతిలో వాళ్ళ టీచరుకు చూపించింది. ఆమె చూసి, పిల్లలందరి ముందూ నల్లబల్ల మీద రెండు మాటలూ సరిగ్గా రాయించారట. ఆ ఉపాధ్యాయురాలికి ఈ లేఖ ద్వారా నమస్కారం చెబుతున్నాను.

నేను చెప్పిన శీర్షికల పుట ఒకటి కూర్చి దీనితో పాటు జత చేస్తున్నాను. ఒత్తులు స్పష్టంగా ఉండేలా 14 పాయింట్లలో పెట్టాను. మా వీధి చివర జిరాక్సు కొట్లో నకలు తీయించి, ఆ నకలుకు నకలు, దానికి మళ్ళీ నకలు తీయించి చూశాను. మూడో నకలులో కూడా చుక్క నిలిచింది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
ప్రూఫ్ రీడర్